ఊపిరి జోడీ

నరహరి సార్ పోయారని యాదగిరన్న ఫోన్ చేసినప్పుడు అమ్మా నేనూ హాల్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. చేతులు ఖాళీ లేక ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. "నిద్రలనే పోయిండు అక్కా. పెద్ద వయసే గని మనసుకు పడుతలేదు. వచ్చే ఆదివారం బాగ్ లింగంపల్లిల మనోళ్లందరం కూడుతున్నం. రెండు పాటలు పాడుకుందం. మీరు రావాలె, అమ్మగారిని గూడ తోల్కరాండ్రి" అన్నాడు. యాదగిరన్న అంటే నరహరి సార్ నేర్పిన మా పాటల బృందానికి హార్మోనియం వాయించిన మనిషి. ఇప్పుడు ఆయనకే అరవై దాటాయి. నేను "అలాగే అన్నా" అని పెట్టేసి అమ్మ వైపు చూశాను. అమ్మ చేతిలో ఉన్న కాయ విరిచి గిన్నెలో వేసి, "పెద్ద ప్రాణం, పుణ్యాత్ముడు" అంది. ఇంకో కాయ తీసుకుని, "ఈసారి కాయల్లో పుచ్చులు ఎక్కువున్నాయి, చూసి తియ్యి" అంది. మా ఇద్దరి మధ్య ముప్ఫై ఏళ్లుగా ఉన్న ఒక విషయం ఆ రోజు కూడా అలా పుచ్చుల దగ్గరే ఆగిపోయింది. నేను రాసుకుంటున్న ఈ జ్ఞాపకాల్లో నాకు తెలిసిన వాళ్లందరి గురించీ రాశాను, పాలవాడితో సహా. ఇది మాత్రం ఇన్నాళ్లూ రాయలేదు. రాస్తే నేనేం చేశానో చెప్పాల్సి వస్తుంది కాబట్టి.

అప్పట్లో మేం అశోక్ నగర్‌లో కిరాయికి ఉండేవాళ్లం. రైలు పెట్టెలాగా ఒకదాని వెనక ఒకటి మూడు గదులు, ముందు ఇరుకు వరండా, దానికో ఇనుప గేటు. తెల్లారకముందే నల్లా వచ్చేది. నల్లా కన్నా ముందు నాయనమ్మ లేచేది. బిందెల చప్పుడు, నాయనమ్మ మడిబట్టల తడివాసన, ఆ వెనక కాఫీ డికాక్షన్ వాసన, ఆఖరికి నాన్న స్కూటర్ పొగ వాసన. ఈ వరసలో ఏ ఒక్కటి వెనకాముందైనా ఆ పూట ఇల్లు ముఖం మాడ్చుకునేది. నాన్న బషీర్‌బాగ్‌లో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి స్థిరపడిన మనిషి. గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. కూరలు ఆయనే చిక్కడపల్లి మార్కెట్‌లో కొనుక్కొచ్చేవాడు, బట్టలు ఆయనే తెచ్చేవాడు, కరెంటు బిల్లు ఆయనే కట్టేవాడు. "నీకెందుకే శ్రమ" అనేవాడు అమ్మతో. గుడికి వెళ్లాలంటే నాయనమ్మ తోడు ఉండేది. అలా అందరూ కలిసి శ్రమ తగ్గించీ తగ్గించీ, అమ్మకు గేటు దాటి వెళ్లే పనంటూ ఒక్కటీ మిగల్చలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు. నాయనమ్మ మాత్రం పగలంతా ఆ గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎక్కడికో, ఎందుకో, ఎప్పుడొస్తావో ఆవిడకు చెప్పకుండా పిల్లి కూడా బయటికి పోయేది కాదు.

పెళ్లికి ముందు అమ్మ బందరులో పాడేదట. ఈ సంగతి అమ్మ చెప్పలేదు, ఒకసారి మామయ్య చెప్పాడు. కాపురానికొచ్చిన కొత్తలో పప్పు రుబ్బుతూ ఏదో కూనిరాగం తీస్తే నాయనమ్మ, "వంటింట్లో ఆ రాగాలేమిటే, పక్క వాటాలో మగాళ్లున్నారు" అందట. అంతటితో సరి. నేను పుట్టి పదహారేళ్లొచ్చేదాకా మా అమ్మ గొంతులో పాట ఉందని నాకు తెలియదంటే నమ్మండి. లాలిపాటలు కూడా నాకు నాయనమ్మే పాడింది, అదీ అపస్వరంలో.

నా పదో తరగతి అయ్యాక, ఆడపిల్లకు ఏదైనా ఒక కళ ఉండాలని నాన్నకు తోచింది. చిక్కడపల్లిలో నరహరి సార్ అని ఒకాయన బృందగానం నేర్పుతారనీ, పెద్దమనిషి అనీ ఆఫీసులో ఎవరో చెప్పారు. మంగళ, శుక్రవారాలు, సాయంత్రం అయిదు నుంచి ఏడు. "ఎదిగిన పిల్ల ఒక్కతీ ఎలా వెళ్తుందిరా? కోడల్ని తోడు పంపు. ఆ రెండు గంటలూ అక్కడే కూర్చుని తీసుకొస్తుంది" అంది నాయనమ్మ. తన జన్మలో నాయనమ్మ చేసిన ఒకే ఒక్క పొరపాటు అది.

మార్కెట్ వెనక సందులో చిన్నపిల్లల బడి ఒకటి ఉండేది. దాని మేడ మీది గది మా పాటగది. సుద్దముక్కల వాసన, పిల్లలు వదిలేసిన టిఫిన్ల వాసన, కింద బండి మీద మిరపకాయ బజ్జీల వాసన, ఇవన్నీ మెట్ల దగ్గర కలిసి మాతోపాటే పైకి ఎక్కేవి. ఇరవై నాలుగు మంది ఉండేవాళ్లం. బ్యాంకులో పనిచేసేవాళ్లు, టీచర్లు, నర్సులు, నారాయణగూడలో బట్టలు కుట్టే ఒక టైలరు, ఆయన తమ్ముడు. సార్ నారాయణగూడలో ఒక ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేవారు. అక్కడి నుంచి నడిచే వచ్చేవారు, మెడకు తడిపిన చేతిరుమాలు చుట్టుకుని. పొట్టి మనిషి, తెల్లచొక్కా, ముంజేతి లోపలి వైపుకు తిప్పి పెట్టుకున్న గడియారం. వచ్చీ రాగానే ఎవర్నీ పలకరించకుండా కిటికీలన్నీ మూసేసేవారు. ఎండాకాలంలో కూడా అంతే. "బయటి లొల్లి లోపలికి, లోపలి లొల్లి బయటికి పోవద్దు" అనేవారు. ఫ్యాను కూడా వెయ్యనిచ్చేవారు కాదు, గాలి చప్పుడులో శ్రుతి వినపడదని. మేం చెమటలో నానుతూ పాడేవాళ్లం.

ఆయన పాఠం మొత్తం ఒక్క ముక్కలో ఉంది: వినిపిస్తే తప్పు. ఎవరి గొంతైనా విడిగా వినిపించిందా, కళ్లు మూసుకునే వరసల మధ్యకు నడిచొచ్చి, సరిగ్గా ఆ మనిషి నోటి దగ్గర చెవి పెట్టేవారు. "వినపడుతున్నవ్ బిడ్డా" అని మెల్లగా అనేవారు. ఆ మాట కన్నా చెంపదెబ్బ నయం. "మీరు ఇరవై నాలుగు మంది కాదు, ఒక్క మనిషి. గా మనిషి ఊపిరి తీసుకునుడు ఎవ్వరికి కనపడొద్దు" అనేవారు. దానికోసం ఆయన పెట్టిన పద్ధతే జోడీ. దీర్ఘంగా స్వరం నిలపాల్సి వచ్చినప్పుడు అందరికీ ఒకేసారి ఊపిరి అయిపోతే పాట తెగిపోతుంది కదా. అందుకని ఇద్దరిద్దరిని కలిపి పక్కపక్కన నిలబెట్టేవారు. ఒకరు ఊపిరి తీసుకుంటుంటే రెండోవాళ్లు పాడుతూ ఉండాలి; వాళ్లు అందుకోగానే వీళ్లు తీసుకోవాలి. ఒకసారి జోడీ కట్టారంటే ఇక మార్చరు. జోడీ రాని రోజు రెండోవాళ్లు వచ్చినా పాడడానికి లేదు, బల్ల మీద కూర్చుని వినాల్సిందే. టైలరు తమ్ముడికి కామెర్లు వస్తే పాపం టైలరు రెండు నెలలు బల్ల మీదే ఉన్నాడు.

మొదటి నెలంతా అమ్మ ఆ బల్ల మీదే కూర్చుంది, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని. కొత్తదాన్నని నాకింకా జోడీ కట్టలేదు. ఒక శుక్రవారం సార్ మధ్యలో పాట ఆపించి, కళ్లు తెరిచి, సూటిగా ఆవిడ దగ్గరికి వెళ్లారు. "అమ్మా, మీరు పాడుతున్నరు" అన్నారు. అమ్మ గాభరాపడి లేచి, "లేదండీ, నేను పెదవులే..." అంది. "పెదవులే అంటున్న నేను గూడ. మా వాళ్లకంటే మీరే సరిగ్గ అంటున్నరు. మిమ్ములను బల్ల మీద కూసోపెట్టిన పాపం నాకెందుకు? వచ్చి బిడ్డ పక్కకు నిలవడుండ్రి." అమ్మ నావైపు చూసింది. నేను పదహారేళ్ల దాన్ని, ఏం తెలుసు, తల ఊపాను. ఆ తల ఊపు నాకు ఆరేళ్ల శిక్ష.

ఆ రోజు ఇంటికి నడిచొస్తుంటే దారిలో అమ్మ, "ఇంట్లో చెప్పకేం" అంది. చెప్పలేదు. ఆరేళ్లూ చెప్పలేదు. నాయనమ్మ గేటు దగ్గరే ఆపి, "ఏం నేర్పాడే ఇవాళ, ఏదీ పాడు" అంటే నేను వరండాలో నిలబడి పాడేదాన్ని. లోపల అమ్మ అన్నం వారుస్తూ వినేది. తర్వాత నేను కంచాలు పెట్టడానికి వెళ్తే, "రెండో చరణం దిగేటప్పుడు తొందరపడుతున్నావు" అని గొణిగేది. మంగళ, శుక్రవారాల్లో అమ్మ పెరుగు ముట్టేది కాదు, గొంతు పట్టేస్తుందని. మిరియాలు వేసి కాచిన నీళ్లు తాగేది. నాయనమ్మ దాన్ని అమ్మవారి మొక్కు అనుకుని, "మా కోడలికి నిష్ఠ ఎక్కువ" అని వాడంతా చెప్పుకునేది. ఆ రెండు రోజులూ అమ్మ నడకే వేరుగా ఉండేది. మధ్యాహ్నం మూడింటికల్లా రాత్రి వంట కూడా ముగించేసి, ముఖం కడుక్కుని, నేను కాలేజీ నుంచి వచ్చేసరికి చెప్పులేసుకుని తయారుగా ఉండేది. నేను సంచి కింద పెట్టక ముందే, "వెళ్దామా?" అనేది. నాకు ఒంట్లో బాగాలేదని చెప్పే వీలు లేదు, పరీక్షలని చెప్పే వీలు లేదు. నేను వెళ్లకపోతే ఆవిడ గేటు దాటలేదు. ఆవిడ గేటు దాటాలంటే నేను పాడాలి.

నాకు పాటంటే ఇష్టం లేదని కాదు. ఆ గదంటే, ఆ మూసిన కిటికీలంటే, వినిపించకుండా ఉండడమే గొప్ప అనుకునే ఆ పద్ధతంటే ఊపిరాడేది కాదు. బీకాం అయిపోయింది. నాకు ఉద్యోగం కావాలి. మా వీధిలోనే, నాలుగిళ్ల అవతల, బ్యాంకు పరీక్షలకు కోచింగ్ ఇచ్చే సెంటర్ ఒకటి వెలిసింది. నా స్నేహితురాళ్లు ముగ్గురు చేరారు. మగపిల్లలతో పొద్దున బ్యాచికి నాన్న ఒప్పుకోడు. ఆడపిల్లలకు విడిగా పెట్టిన బ్యాచి మంగళ, శుక్రవారాలు, సాయంత్రం అయిదు నుంచి ఏడు. ఎవరో కావాలని పెట్టినట్టు. "అమ్మా, నేను పాట మానేస్తాను" అన్నాను ఒకరోజు, ధైర్యం తెచ్చుకుని. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెయ్యి ఆగింది. "ఈ ఒక్క ఏడాది" అంది, తల ఎత్తకుండా. ముందు ఏడాది కూడా అదే అంది. బతిమాలినట్టు అని ఉంటే కోపం వచ్చేది కాదేమో. మామూలుగా అంది, కూరలో ఉప్పు చాలా అని అడిగినట్టు. నేను అడకత్తెరలో పోకచెక్కనై పోయాననీ, ఆ అడకత్తెర పట్టుకున్న చెయ్యి మా అమ్మదేననీ ఆ పూట నాకు తెలిసొచ్చింది. అమ్మ మీద అంత అసహ్యం నాకెప్పుడూ కలగలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది.

ఏటా ఒకసారి చిక్కడపల్లిలోనే ఒక హాల్లో మా కార్యక్రమం ఉండేది. స్టేజీ ఎక్కితే తెలిసినవాళ్లు చూస్తారని అమ్మ భయం. దానికీ సార్ ఉపాయం చెప్పారు. వెనక వరసలో చిట్టచివర, పక్కతెరకు ఆనుకుని నన్ను నిలబెట్టేవారు. తెర వెనక, నాకు జానెడు దూరంలో, అమ్మ. తెర అంచు సందులోంచి అమ్మకు నా భుజం కనిపించేది. సార్ చెయ్యి కనిపించదు. నేను మొదలెడితే మొదలెట్టాలి, నేను ముగిస్తే ముగించాలి. అయిదేళ్లు ఎవరికీ తెలియకుండా సాగింది. నాన్నకు ఆ వేళకు ఎప్పుడూ ఆఫీసు ఉండేది. నాయనమ్మకు మోకాళ్ల నొప్పులు.

ఆరో ఏడు నాన్న సెలవు పెట్టి, నాయనమ్మను ఆటోలో తీసుకుని వచ్చాడు. మూడో వరసలో కూర్చున్నారు. నాయనమ్మ పట్టుచీర కట్టుకుంది. అమ్మ ఏదని అడిగితే, లోపల పిల్లలకు చీరలు సర్దుతోందని ఎవరో చెప్పారట. ఆఖరి పాట సార్ సొంతంగా కట్టింది, తెల్లవారడం మీద. అది ముగిసే తీరు చిత్రంగా ఉంటుంది. అందరూ కలిసి ఒక స్వరం పట్టుకుంటాం. సార్ రెండు వేళ్లు పైకెత్తి ఉంచుతారు. ఒక్కో వరసా ఆగిపోతుంది, ఆ తర్వాత వెనక వరసలో ఒక్కో జోడీ ఆగిపోతుంది, స్వరం సన్నబడుతూ సన్నబడుతూ చివరకు మా జోడీ మిగులుతుంది. రెండు గొంతులు, ఒకటే దారం. సార్ వేళ్లు దించగానే మేమూ ఆపాలి.

మా జోడీ మిగిలింది. ఎదురుగా మూడో వరసలో నాన్న చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు, గర్వంగా. వచ్చే మంగళవారం తెర వెనకున్న ఈ గొంతు కోసం మళ్లీ ఆ గదిలోకి వెళ్లాలి, ఆ తర్వాతి మంగళవారం కూడా, ఈ ఒక్క ఏడాది, ఇంకొక్క ఏడాది. నేను నోరు మూసుకున్నాను.

ఊపిరి చాలలేదని ఇన్నేళ్లుగా అందరికీ చెప్పాను. అబద్ధం. ఊపిరి బోలెడంత ఉంది. ఆపేశాను. తెర వెనక నుంచి మా అమ్మ గొంతు ఒక్కటే వచ్చింది. ఒక్క మనిషి గొంతు ఆ హాల్లో, ఆ బృందంలో, ఎవరూ ఎప్పుడూ విని ఉండలేదు. నేను మళ్లీ అందుకోలేదు. అది ఆగలేదు. సార్ కళ్లు తెరిచారు. వేళ్లు దించాలి కదా, దించలేదు. ఎంతసేపో నాకు తెలియదు, నాన్న కట్టుకున్న చేతులు విప్పేంతసేపు. నాయనమ్మ తల పక్కకు తిప్పి తెర వైపు చూసింది. అప్పుడు సార్ వేళ్లు దించారు. అమ్మకవి కనిపించవు; తన ఊపిరి అయ్యాకే ఆగింది. చప్పట్లు చాలా ఆలస్యంగా మొదలయ్యాయి.

ఇంటికొచ్చాం. వరండాలో చెప్పులు విడుస్తూ నాయనమ్మ అడిగింది. "ఎన్నాళ్ల నుంచి?"

"ఆరేళ్లు" అంది అమ్మ.

"ఆరేళ్లు మా కళ్లు కప్పి..." అని నాయనమ్మ అందుకోబోతే నాన్న చెయ్యెత్తి ఆపాడు. అమ్మ వైపు తిరిగి, ఆయన మామూలు గొంతుతోనే, "బాగానే పాడావు. ముచ్చట తీరింది కదా. ఇక చాలు" అన్నాడు. గేటు తాళంచెవి మేకుకు తగిలించి లోపలికి వెళ్లాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి చారు వేడి చేసింది. అంతే. అరిస్తే ఎదురు అరవొచ్చు. ఇక చాలు అన్న మాటకు ఎవరేం అంటారు?

మంగళవారం మేమిద్దరం వెళ్లలేదు. బుధవారం పొద్దున్నే సార్ మా ఇంటికొచ్చారు. మెడకు తడి రుమాలు, చేతిలో ఆరు అరటిపళ్లు. నాన్న ఎంతో మర్యాదగా కుర్చీ వేశాడు. నేను కాఫీ పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. అమ్మ నా వెనక, తలుపు చాటున. సార్ కాఫీ ముట్టలేదు. "అమ్మగారు రాలె. అందుకే వచ్చిన. దాచిపెట్టుమని ఆమె చెప్పలే, తెర ఉపాయం నాదే. తప్పుంటే నాది. ఆమెను మాత్రం పంపుండ్రి. గా గొంతు లేకుంటే నా పాటకు బొక్క పడుతది" అన్నారు. అంత పెద్దాయన అలా అడగడం నేనెప్పుడూ చూడలేదు.

"అయ్యో, ఎంత మాట సార్! మీరింత దూరం రావాలా? ఇంట్లో మా అమ్మకు ఒంట్లో బాగుండడం లేదు, ఆవిడకు తీరిక ఉండదు" అన్నాడు నాన్న. "అమ్మాయిని పంపిస్తాను. నేనే దింపి, నేనే తీసుకెళ్తాను. మీ మాట కాదంటానా?"

సార్ నావైపు చూశారు. నాన్న కూడా చూశాడు. నా దగ్గర ఒక మాట ఉంది: అమ్మ రాకపోతే నేనూ వెళ్లను. అది అంటే నాన్న ఆలోచించేవాడేమో, సార్ ముందు పరువుకైనా. అనలేదు. అమ్మ మానేస్తే ఏదో ఒక నాటికి నేనూ మానేయొచ్చు కదా, నోరు మూసుకుని ఉంటే బయటపడతాను కదా అని లెక్క వేసుకున్నాను. కాఫీ పళ్లెం సార్ ముందు పెట్టాను. ఆయన ఒక్క గుక్క తాగి లేచారు.

తాను తీసిన గోతిలో తానే పడడం అంటే ఏమిటో శుక్రవారం తెలిసింది. నాన్న ఆఫీసులో చెప్పి ముందే వచ్చి, స్కూటర్ మీద దింపి, నేను మెట్లెక్కేదాకా కింద నిలబడి వెళ్లాడు. ఏడింటికి మళ్లీ ఆ మెట్ల దగ్గరే ఉంటాడు. కోచింగ్‌కు జారుకునే వీలే లేదు. పైన సార్ కిటికీలు మూస్తున్నారు. నేను వెళ్లి నా చోట నిలబడ్డాను. ఆయన వెనక్కి తిరక్కుండానే, "జోడి రాలె గదా బిడ్డా. కూసో" అన్నారు. వెళ్లి బల్ల మీద కూర్చున్నాను. ఆ శుక్రవారం, తర్వాతి మంగళవారం, ఆ తర్వాత శుక్రవారం. దసరా పోయింది, దీపావళి పోయింది. నేను బల్ల దిగలేదు. ఇంటికెళ్లి చెబుదామంటే, అయితే ఎందుకు వెళ్లడం, మానెయ్ అని నాన్న అంటాడని ఆశ ఉండేది. కానీ అమ్మ రాలేదనే కూర్చోబెట్టారని కూడా చెప్పాలి కదా. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. గేటు దగ్గర నాయనమ్మ, "ఏం నేర్పాడే" అని అడిగితే పాత పాటలే పాడేదాన్ని. వంటింట్లోంచి ఇక ఎవరూ ఏమీ సరిదిద్దేవాళ్లు కాదు. అమ్మ శుక్రవారం కూడా పెరుగు వేసుకోవడం మొదలెట్టింది.

ఒకసారి ఉండబట్టలేక, అందరూ వెళ్లిపోయాక, "సార్, నన్ను వేరే ఎవరికైనా జోడీగా వెయ్యండి" అన్నాను. సార్ హార్మోనియం మీద గుడ్డ కప్పుతున్నారు. "నేనొచ్చి అడిగిన. మీ నాన్న వద్దన్నడు. నువ్వు అడిగినవా?" అన్నారు. నేను పాటల పుస్తకం సంచిలో పెట్టుకున్నాను. "అడుగు జర. బిడ్డవు, నీ మాట వేరే ఉంటది" అన్నారు. కింద నాన్న హారన్ కొట్టాడు. నేను దిగి వెళ్లిపోయాను. ఆ రోజే కాదు, ఏ రోజూ అడగలేదు. పాటల పుస్తకంలో స్నేహితురాలి కోచింగ్ నోట్సు పెట్టుకుని ఆ బల్ల మీదే చదవడం మొదలెట్టాను. వాళ్లు పాడుతుంటే నేను లాభనష్టాలు, కాలం-దూరం లెక్కలు చేసేదాన్ని. సార్ చూశారు, చూసి మళ్లీ కళ్లు మూసుకున్నారు. మొత్తానికి పరీక్ష పాసయ్యాను. నిజామాబాదులో క్లర్కుగా పోస్టింగ్ వచ్చింది. అలా ఆ గదిలోంచి బయటపడ్డాను. నాకు ఉద్యోగం వచ్చిందని అమ్మ వీధి వీధంతా లడ్డూలు పంచింది. అన్ని గేట్లకూ తనే వెళ్లిందట, నాయనమ్మ వద్దన్నా వినకుండా.

ఇప్పుడు నాయనమ్మ లేదు, నాన్న లేడు. అమ్మ నాతోనే ఉంటుంది. మా ఫ్లాటుకు గేటు కూడా లేదు, లిఫ్టు ఉంది. మొన్న ఆదివారం మెట్రోలో చిక్కడపల్లి మీదుగా వెళ్తూ కిందికి చూశాను. బడి ఉన్న చోట నాలుగంతస్తుల హాస్టల్, దాని కిటికీల్లో ఆరేసిన తువ్వాళ్లు. అశోక్ నగర్ అంతా కోచింగ్ సెంటర్లేనట, ఆడా మగా పిల్లలు అర్ధరాత్రి దాకా రోడ్ల మీదే టీ తాగుతూ చదువుకుంటారట. వాళ్లకు ఏ బ్యాచి అయినా ఒకటే. నాకు అసూయ కలిగింది, ఆ వయసు మీద కాదు, ఎవరికీ చెప్పకుండా చెప్పులేసుకునే వీలు మీద. "నువ్వూ రా అమ్మా" అని పొద్దున ఎంత అడిగినా అమ్మ రాలేదు. మోకాళ్లంది.

నేను కాక పన్నెండు మంది వచ్చారు. టైలరు, ఆయన తమ్ముడు చేతులు పట్టుకుని వచ్చారు. సార్ ఫొటో ముందు యాదగిరన్న హార్మోనియం పెట్టి శ్రుతి ఇచ్చాడు. అందరూ ఎవరూ చెప్పకుండానే ఎవరి జోడీ పక్కన వాళ్లు నిలబడ్డారు. నేను వెనక వరస చివరికి వెళ్లాను. యాదగిరన్న నావైపు చూసి ఇబ్బందిగా నవ్వాడు. "అక్కా, అమ్మగారు రాలె గదా. ఏమనుకోకుండ్రి. సార్ పెట్టిన కాయిదా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వెళ్లి కుర్చీలో కూర్చుని విన్నాను. గొంతులు ముసలివైపోయాయి, అయినా ఏ ఒక్కటీ విడిగా వినిపించలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ బాల్కనీలో కూర్చుని ఉంది. "పాడావా?" అంది.

"లేదు. జోడీ రాలేదని కూర్చోబెట్టారు."

అమ్మ పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత అంత నవ్వు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చిందో, ఏడుపే వచ్చిందో, "అమ్మా, ఆ రోజు స్టేజీ మీద నాకు ఊపిరి చాలక కాదు" అన్నాను.

"తెలుసు" అంది. "ఊపిరి తీసుకుంటే నీ భుజం లేస్తుంది. ఆ రోజు లేవలేదు."

"తెలిసీ ఎందుకు పాడావు? నేను ఆగగానే నువ్వూ ఆగితే ఎవరికీ తెలిసేది కాదు కదా!"

"ఆగొచ్చు" అంది అమ్మ. కిందికి, రోడ్డు వైపు చూసింది. "ఆగబుద్ధి కాలేదే. అంతమంది వింటున్నారు. ఒక్కసారి విననీ అనిపించింది. అందులో నీ తప్పేం లేదు, ఊరికే మోస్తున్నావు ఇన్నేళ్లూ."

నా గుండె మీంచి బరువు దిగింది. అక్కడితో ఊరుకోవాల్సింది. ఊరుకోక, "మరి నాన్న ఇక చాలంటే ఎందుకమ్మా ఏమీ అనలేదు? సార్ ఇంటికొచ్చి అంతలా అడిగితే, ఒక్క మాట కూడా ఎందుకు అనలేదు?" అన్నాను.

అమ్మ నావైపు తిరిగింది. కోపంగా కాదు.

"నేను తలుపు వెనకున్నాను కదే. నువ్వు ముందున్నావు. ఏమైనా అంటావేమోనని చూశాను."